గుంటూరు నుంచి నీల్ ద్వీపానికి: తిథి చూసుకుని వెళ్లాల్సిన బీచ్

సముద్రం అనగానే మా గుంటూరు వాళ్లకి సూర్యలంకే గుర్తొస్తుంది. బాపట్ల దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఆటో ఎక్కి, మోకాళ్ల లోతులో నిలబడి అలలు కొట్టించుకుని వచ్చేస్తాం. నాకూ ఆ బీచ్ ఇష్టమే. కాకపోతే అక్కడ అలకి అడ్డూ ఆపూ ఉండదు. మా అమ్మలా మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒడ్డున చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడాల్సిందే, నీళ్లలో కూర్చునే వీలుండదు. చిన్నపిల్లలుంటే మన చెయ్యి ఎప్పుడూ వాళ్ల రెక్క మీదే ఉండాలి. అలంటే భయం ఉండి కూడా సముద్రంలో మునగాలని మనసున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అండమాన్‌లో నీల్ అని ఒక చిన్న ద్వీపం ఉంది. 2018 డిసెంబర్ 30న దానికి షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు, అయినా జనం నోట్లో ఇంకా నీలే. విస్తీర్ణం పద్నాలుగు చదరపు కిలోమీటర్లు దాటదు, జనాభా మూడు వేల చిల్లర. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకి 1960ల్లో అక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. వాళ్లు పండించే కూరగాయలు చుట్టుపక్కల దీవులకి వెళ్తాయి. ఊళ్లు, బీచ్‌ల పేర్లు చూస్తే మనవే అనిపిస్తాయి: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. వీటిలో అలంటే భయమున్నవాళ్లకి కావాల్సింది భరత్‌పూర్.

ఓడ దిగే జెట్టీకి పక్కనే, నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది ఈ బీచ్. ఒడ్డు నుంచి చాలా దూరం వరకు నీళ్లు లోతు లేకుండా ఉంటాయి, ఆ చివర పగడపు దిబ్బ ఉంటుంది. బయటి సముద్రపు అల ఆ దిబ్బ దగ్గరే విరిగిపోతుంది. ఒడ్డుకి వచ్చేది ఆ అల మిగిల్చిన చిన్న కదలిక మాత్రమే, మన ఊరి చెరువులో గాలికి నీళ్లు కదిలినట్టు. అమ్మని అక్కడ నడుం లోతులో కూర్చోబెడితే గంటన్నర దాకా లేవనంది. మేమున్న లాడ్జి వాళ్లని అడిగి బాత్రూంలో ఉండే ప్లాస్టిక్ పీట తీసుకెళ్లాను. ఇసుకలో పీట వేసి, దాని మీద అమ్మని కూర్చోబెట్టి, పక్కనే నేను నిలబడ్డాను. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఈ పీట సంగతి మర్చిపోవద్దు. నేల మీద కూర్చుంటే మళ్లీ లేపడం కష్టం, పీట మీద నుంచి అయితే చెయ్యి అందిస్తే చాలు.

ఇక అసలు విషయం. భరత్‌పూర్ వెళ్లొచ్చిన వాళ్లని అడిగితే సగం మంది "అబ్బే, నీళ్లే లేవండీ, అంతా రాళ్లు" అంటారు. ఇంకో సగం మంది "జనం, జెట్‌స్కీల మోత, బాబోయ్" అంటారు. రెండూ నిజమే. ఎందుకంటే ఆ బీచ్ రోజంతా ఒకేలా ఉండదు. నీరు తీసినప్పుడు సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది, చచ్చిన పగడపు రాళ్లు బయటపడతాయి, మునగడానికి జానెడు నీళ్లు కూడా ఉండవు. అలాగే పొద్దున్న ఓడలు వచ్చాక, మళ్లీ మధ్యాహ్నం ఓడలు వెళ్లేదాకా, అడుగున అద్దం ఉన్న పడవలు ఎక్కేవాళ్లు, ఫొటోల వాళ్లు, పక్క దీవి హేవ్‌లాక్ నుంచి ఒక్క పూటకి వచ్చినవాళ్లు అందరూ అక్కడే ఉంటారు. కాబట్టి మనం పట్టుకోవాల్సింది నీరు ఎక్కుతూ ఉండి, జనం ఇంకా రాని వేళ. దానికి కావాల్సింది పంచాంగం.

సముద్రానికి రోజుకి రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు ఆట్లు (నీరు తీయడం) ఉంటాయి. పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఇవాళ పోటు ఎన్నింటికి వచ్చిందో రేపు దానికి ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే చంద్రుడు కూడా రోజూ అంత ఆలస్యంగానే ఉదయిస్తాడు. అందుకే తిథిని బట్టి పోటు వేళ తెలుస్తుంది. పోర్ట్‌బ్లెయిర్ ప్రాంతంలో పౌర్ణమి, అమావాస్యలప్పుడు నిండు పోటు ఉదయం పది ప్రాంతంలో వస్తుంది. అంటే తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో నీరు పూర్తిగా తీసి ఉంటుంది, ఏడు గంటలకి సగానికి ఎక్కుతుంది, తొమ్మిదికి బాగా నిండుతుంది. ఏడు నుంచి తొమ్మిది దాకా, ఓడలు రాకముందు, భరత్‌పూర్‌లో స్నానానికి అంతకన్నా మంచి వేళ లేదు. అష్టమి దగ్గర అయితే అంతా తారుమారు: ఉదయం పదికి నీరు తీసి ఉంటుంది, పోటు మధ్యాహ్నం మూడు, నాలుగింటికి వస్తుంది. అప్పుడు పొద్దున్నే వెళ్లి ఉసూరుమనే కన్నా, సాయంత్రం ఓడలు వెళ్లిపోయాక వెళ్లడం మేలు.

మీరు వెళ్లే తేదీకి కచ్చితమైన గంట కావాలంటే పోర్ట్‌బ్లెయిర్ పోటు వేళల పట్టిక చూసుకోండి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఆ పట్టికలు వేస్తుంది, ఫోన్‌లో వెతికినా దొరుకుతాయి. నేను చెప్పిన తిథి లెక్క టికెట్లు బుక్ చేసేటప్పుడు తేదీలు ఎంచుకోవడానికి. పౌర్ణమికో అమావాస్యకో ఒక రోజు అటూ ఇటూగా నీల్‌లో రెండు రాత్రులు ఉండేలా చూసుకుంటే పొద్దున్న భరత్‌పూర్ దొరుకుతుంది, సాయంత్రం లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన కూడా దొరుకుతుంది. ఆ వంతెన దగ్గరికి నీరు తీసినప్పుడే నడవగలం, ఆ తిథుల్లో నీరు తీసేది సాయంత్రం నాలుగు ప్రాంతంలో. రెండు పనులూ ఒకే రోజులో కుదురుతాయి.

ఒడ్డున నిలబడి కూడా నీటి పోకడ కనిపెట్టొచ్చు. ఇసుక మీద నాచు, ఎండుటాకులు, పుల్లలు ఒక గీతలా పేరుకుని ఉంటాయి, అది కిందటి పోటు వచ్చి ఆగిన చోటు. ఆ గీతకీ ఇప్పుడు నీళ్లున్న చోటికీ మధ్య ఇసుక తడిగా మెరుస్తుంటే నీరు ఇప్పుడే తీస్తోందని అర్థం. పైన ఇసుక పొడిగా ఉండి, నీటి అంచున మాత్రమే తడి ఉంటే నీరు ఎక్కుతోందన్నమాట. ఒక పుల్ల నీటి అంచున గుచ్చి పావుగంట ఆగితే అనుమానం కూడా మిగలదు. మా అమ్మాయికి ఈ పుల్ల పని అప్పగించాం, బీచ్‌లో ఉన్నంతసేపూ అదే దాని ఆట.

నెల సంగతికి వస్తే నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచిది. నేను మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాని. మాకు సెలవులు వచ్చేది మే నెలలో, ఎండలకి యార్డు మూసినప్పుడు. నాలాంటి వాళ్లందరికీ అప్పుడే తీరిక, కానీ ఆ సెలవులకి అండమాన్ పెట్టుకోవద్దు. నైరుతి రుతుపవనాలు మన దేశంలో ముందు తాకేది అక్కడే, మే మూడో వారానికే వానలు మొదలవుతాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఓడలు ఆపేస్తారు, మనం ఏదో ఒక జెట్టీలో కూర్చోవాల్సి వస్తుంది. కొత్త పంట టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డుకి దిగకముందు, డిసెంబర్‌లో యజమానిని అడిగి సెలవు తీసుకోవడమే నయం. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మాత్రం వద్దు, రద్దీ, రేట్లు రెండూ ఎక్కువే.

దారి గురించి. పోర్ట్‌బ్లెయిర్‌కి (2024లో దీనికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు) గుంటూరు, విజయవాడ వాళ్లకి చెన్నై మీదుగా వెళ్లడం సులువు. రాత్రి తెనాలిలో గానీ విజయవాడలో గానీ రైలెక్కితే తెల్లవారేసరికి చెన్నై. సెంట్రల్‌లో దిగితే మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకి వెళ్తుంది. ఎగ్మోర్‌లోనో తాంబరంలోనో దిగితే లోకల్ రైల్లో తిరుశూలం స్టేషన్, ఎదురుగానే ఎయిర్‌పోర్టు. రైలు ఆలస్యమైతే టెన్షన్ లేకుండా ఉండాలంటే రైలుకీ విమానానికీ మధ్య కనీసం ఐదారు గంటలు వదలండి. విమానం రెండు గంటల పైచిలుకు. విశాఖ నుంచి, చెన్నై నుంచి ప్రయాణికుల ఓడలు కూడా ఉన్నాయి, కానీ రెండు మూడు రోజుల ప్రయాణం. పెద్దవాళ్లతో అది పెట్టుకోకండి.

పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాక భాష గురించి భయం వద్దు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు నూటికి పదమూడు మంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల క్రితం వెళ్లినవాళ్లు చాలామంది. బజార్లో కూరగాయల దగ్గర తెలుగు వినపడితే మా అమ్మ అక్కడే ఆగిపోయి, "ఏ ఊరమ్మా మీది?" అని మొదలెట్టింది. నీల్‌లో మాత్రం బెంగాలీ, హిందీ. కాస్త హిందీ వస్తే చాలు.

దిగిన రోజే నీల్ ఓడ పట్టుకోవాలని చూడొద్దు, ఆ రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండి సెల్యులార్ జైలు చూడండి. నీల్‌కి ఓడ ప్రయాణం ఓడని బట్టి గంటన్నర, రెండు గంటలు. ప్రభుత్వ ఓడలూ ఉన్నాయి, ప్రైవేటు ఓడలూ ఉన్నాయి. ప్రభుత్వ ఓడ చవక, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు, కానీ టికెట్ దొరకడం కష్టం. అవి ముఖ్యంగా ద్వీపంలో ఉండేవాళ్ల అవసరానికి నడిచేవి, అది న్యాయమే కదా. అమ్మతో, పిల్లతో వెళ్తున్నానని నేను ప్రైవేటు ఓడ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. ఆధార్ ఒరిజినల్ చేతిలో ఉంచుకోండి, గంట ముందు జెట్టీలో ఉండండి. ఏ జెట్టీ నుంచో టికెట్ మీద చూసుకోండి, పోర్ట్‌బ్లెయిర్‌లో ఒకటికి మించి ఉన్నాయి. కడుపులో తిప్పే అలవాటుంటే డాక్టర్ని అడిగి మాత్ర తెచ్చుకుని ఓడెక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. ఓడ మధ్యలో సీటు అడగండి, ఊపు తక్కువ. ఫోన్ చూడకుండా కిటికీలోంచి దూరంగా నీళ్ల అంచు చూస్తూ కూర్చోండి. పొద్దున్న రెండు ఇడ్లీలు చాలు, ఖాళీ కడుపూ వద్దు, పూరీ కూరా వద్దు.

బస భరత్‌పూర్‌కీ జెట్టీకీ దగ్గర్లో తీసుకోండి. దీవి ఈ చివర నుంచి ఆ చివరకి ఐదారు కిలోమీటర్లే, ఆటోలు, అద్దె స్కూటీలు, సైకిళ్లు అన్నీ దొరుకుతాయి. అయినా పొద్దున్నే అమ్మని నడిపించి తీసుకెళ్లగలిగే దూరంలో ఉంటే సగం శ్రమ తగ్గుతుంది. ఏటీఎంని, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు, నోట్లు పోర్ట్‌బ్లెయిర్‌లోనే తీసుకోండి, హోటల్, ఓడ టికెట్లు ప్రింట్ తీసి పెట్టుకోండి. ఇంకో సంగతి: అక్కడ పొద్దు తొందర. మన గడియారమే, కానీ ద్వీపం బాగా తూర్పున ఉంది కాబట్టి డిసెంబర్‌లో సాయంత్రం ఐదింటికే సూర్యుడు దిగిపోతాడు. "ఐదున్నరకి బీచ్‌కి వెళ్దాంలే" అనుకుంటే చీకట్లో వెళ్లినట్టే. పడుకోవడం, లేవడం అన్నీ ఒక గంట ముందుకి జరుపుకోండి.

నీళ్లలో దిగేటప్పుడు కాళ్లకి రబ్బరు చెప్పులు, అదీ మడమ పట్టీ ఉన్నవి, ఉండాలి. హవాయి చెప్పులు నీళ్లలో జారిపోతాయి. భరత్‌పూర్ ఇసుక తెల్లగా ఉంటుంది, చేతిలోకి తీసుకుని చూస్తే అందులో సగం పగడపు ముక్కలు, గవ్వల పొడే. కొన్ని సూదిగా ఉంటాయి, గీసుకుంటే ఆ గాయం తొందరగా మానదు. ముందు ఇసుక నేల ఉన్న చోటు చూసుకుని దిగండి, నల్లగా మచ్చల్లా కనిపించేవి రాళ్లు, పగడాలు. అడుగులు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి, అడుగున టేకు చేప (బల్లపరుపుగా ఉండి తోకలో ముల్లుండేది) పడుకుని ఉంటే అదే తప్పుకుంటుంది. నల్లగా, లావు దోసకాయలా కదలకుండా పడున్నవి సముద్ర దోసకాయలు. ఏమీ చేయవు, వాటిని తీసి ఫొటోలు దిగకండి, నీళ్లలోంచి తీస్తే వాటికి ప్రాణసంకటం.

లోపల చేపలు చూడాలంటే కళ్లకీ ముక్కుకీ పెట్టుకునే మాస్క్, నోట్లో పెట్టుకునే గొట్టం అద్దెకిస్తారు. ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకుని, పక్కన గైడ్‌ని పెట్టుకుని చూడొచ్చు. మాస్క్ తీసుకునేటప్పుడు పట్టీ తగిలించకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చెయ్యి వదిలినా పడకుండా అతుక్కుని ఉంటే అది మీ మొహానికి సరిపోయినట్టు. మీసాలున్నవాళ్లకి పైపెదవి దగ్గర నీళ్లు కారతాయి, అక్కడ కాస్త వాజలీన్ రాస్తే ఆగుతుంది. అద్దం మసకబారకుండా లోపల ఒక చుక్క పిల్లల షాంపూ రుద్ది ఒక్కసారి కడగండి. ముందు మోకాళ్ల లోతులో కూర్చుని, మొహం మాత్రం నీళ్లలో పెట్టి, నోటితో పది సార్లు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలండి. ఆ పది ఊపిర్లు కుదురుగా వచ్చాకే ముందుకెళ్లండి. మా ఆవిడకి ఈత రాదు, నీళ్లంటే మా ఇంట్లో అందరికన్నా తనకే బెరుకు. ఈ పద్ధతిలో పావుగంట కూర్చుని, తర్వాత గైడ్ చెయ్యి పట్టుకుని పగడాల దాకా వెళ్లి చిలక రంగుల చేపల గుంపు చూసి వచ్చింది. ఒడ్డుకి రాగానే మాస్క్ తీసి నా చేతికిచ్చి, "ముందు మీరు వెళ్లి చూడండి, తర్వాత మాట్లాడదాం" అంది.

పగడం మీద నిలబడకండి, చేత్తో పట్టుకోకండి. అది రాయి కాదు, ప్రాణి. 2010లో నీళ్లు వేడెక్కి అండమాన్‌లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చిపోయాయి, మళ్లీ పెరగడం ఏళ్ల పని. మన కాలు ఒక్కసారి పడితే పోయేది వాటి ఎన్నో ఏళ్ల ఎదుగుదల. ఒడ్డున పడున్న పగడపు ముక్క కూడా తేవడానికి లేదు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి, ఎయిర్‌పోర్టులో స్కాన్‌లో కనిపిస్తే ఇబ్బంది పడతారు. పిల్లల జేబులు, ఇసుక ఆటల డబ్బాలు కూడా ఖాళీ చేయించండి.

మొసళ్ల సంగతి దాచి లాభం లేదు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. అందుకే ఏ బీచ్‌లోనైనా లైఫ్‌గార్డులు ఉన్నారా, ఎర్ర జెండా ఉందా, హెచ్చరిక బోర్డు ఉందా చూసుకోండి. వాళ్లని ఒక మాట అడిగి దిగండి. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట, చీకట్లో, ఒంటరిగా దిగొద్దు. ఎంత ప్రశాంతంగా ఉన్నా ఈ మాట మీద రాజీ లేదు.

ఇసుక ఈగలు చిన్నవి, కంటికి సరిగ్గా కనపడవు, కుట్టాక రెండు మూడు రోజులు దురద. పొద్దున్న, సాయంత్రం ఎక్కువ. కాళ్లకి కొబ్బరినూనె మందంగా పట్టించుకుంటే చాలావరకు ఆగుతాయి. తడి ఇసుక మీద నేరుగా కూర్చోకుండా దుప్పటి వేసుకోండి.

మిగతా బీచ్‌లు టూకీగా. సీతాపూర్ తూర్పున ఉంది, సూర్యోదయానికి బాగుంటుంది, కానీ అక్కడ అల గట్టిది, పోటు మీద ఒడ్డు కూడా తగ్గిపోతుంది, పెద్దవాళ్లని దింపొద్దు. లక్ష్మణ్‌పూర్ మొదటి బీచ్ సూర్యాస్తమయానికి. రెండోదాంట్లో ఆ రాతి వంతెన, దాని చుట్టూ రాళ్ల గుంటల్లో నీరు తీసినప్పుడు చిన్న చేపలు, పీతలు, నక్షత్ర చేపలు చిక్కుకుని ఉంటాయి. ఆ దారి నాచు పట్టి జారుతుంది, అమ్మని అటు తీసుకెళ్లలేదు, పైన చెట్టు నీడన కొబ్బరి బోండం ఇప్పించి కూర్చోబెట్టాం.

భోజనం బెంగాలీ పద్ధతి: అన్నం, పప్పు, ఏదో ఒక కూర, చేప. శాకాహారులకీ ఇబ్బంది లేదు, ఆ కూరగాయలు అక్కడ పండినవే. కారం మాత్రం మన నోటికి చాలదు. గోంగూర పచ్చడి, కారప్పొడి తీసుకెళ్తే చెక్-ఇన్ బ్యాగులో, రెండు కవర్లు చుట్టి పెట్టండి. చేతి బ్యాగులో పచ్చడి పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపే అవకాశం ఉంది. పవర్ బ్యాంక్ మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి.

తిరుగు విమానం రోజు పొద్దున్న నీల్‌లో ఉండేలా ప్లాన్ వేయొద్దు. గాలి మారితే ఓడ ఆగిపోతుంది, విమానం మనకోసం ఆగదు. ముందు రోజే ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ చేరి, ఆ సాయంత్రం బట్టలు ఆరబెట్టుకుని, బ్యాగుల అడుగున ఇసుక, గవ్వలు ఏమైనా ఉంటే దులిపేయండి. చెన్నైలో దిగాక రాత్రి రైలుకి ముందే రిజర్వేషన్ చేయించుకోండి, పండగల ముందు ఆ దారిలో బెర్తులు వారాల ముందే అయిపోతాయి.